ఈలపాట కోసం ఒక పెట్టె

లిఫ్టు మెకానిక్‌కి ఏదైనా పాడైందంటే ప్రాణం లేచొస్తుంది. బయట ఆగిపోయిన లిఫ్టుల్ని కదిలించి వస్తాడు, ఇంట్లో మాత్రం కదులుతున్నవాటిని విప్పి కూర్చుంటాడు. మిక్సీ, ఇస్త్రీపెట్టె, గోడగడియారం అన్నీ అతని చేతిలో ఒకసారి చచ్చి బతికినవే.

ఈసారి ఏదో ఆఫీసువాళ్లు పారేసిన కంప్యూటర్‌ని చంకనేసుకొచ్చాడు. కారణం భార్య. ఆమె లాండ్రీలో పని చేస్తుంది. మెషిన్ల హోరులో తన ఈల తనకి వినబడాలని వేసి వేసి, గోడలు తొలిచేంత పదును తెచ్చుకుంది. ఆ ఈల టీవీవాళ్ల చెవిన పడింది. ఆదివారం లైవ్‌లో ఈలపాట పాడమన్నారు. ఒక్కసారే, మళ్లీ చూపించరట. స్టూడియోలో నిలబడే మనిషి తనని తాను ఎప్పుడు చూసుకోవాలి?

"నేను రికార్డు చేస్తాగా," అన్నాడు.

"మీరు బాగుచేసిన గడియారం వెనక్కి తిరుగుతోందండీ."

"తిరుగుతోందిగా."

కంప్యూటర్‌ని నడిపేందుకు లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. టీవీ సిగ్నల్ అందుకునే కార్డు ఒకటి బిగించి, మేడమీది యాంటెన్నా తీగ దానికి తగిలించాడు. ఇక టీవీలో ఏది రావాలన్నా ఆ పెట్టెలోంచే రావాలి. తెర మీద లినక్స్ గుర్తు పెంగ్విన్ బొమ్మ చూసి, "ఈ బాతేమిట్రా?" అంది అతని తల్లి.

డిస్కు చిన్నది, ప్రకటనలతో నిండిపోతే కష్టం. ప్రకటన రాగానే టీవీ అరుస్తుంది కదా అని, శబ్దం ఒక్కసారిగా పెరిగితే ఆ ముక్క కోసి పారెయ్యమని పెట్టెకి నేర్పాడు. తల్లి సీరియల్ మీద పరీక్షించాడు. ఒక్క సబ్బూ లేదు, ఒక్క పేస్టూ లేదు.

"పుట్టి బుద్ధెరిగాక నువ్వు చేసిన మంచి పని ఇదేరా," అని ఆవిడ మురిసిపోయింది.

ఆదివారం తల్లీకొడుకులు లైవ్ చూసి చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టారు. చీకటి పడే వేళకి భార్య మొహానికి స్టూడియో రంగుతోనే ఇల్లు చేరింది. చెప్పులు కూడా విప్పలేదు.

"పెట్టండి, పెట్టండి."

తెర మీద ఆమె నవ్వుతూ వచ్చింది. మైకు సర్దుకుంది. పెదాలు ముడిచింది. మరుక్షణం యాంకర్ చప్పట్లు కొడుతూ, "అద్భుతం," అన్నాడు.

"అద్భుతమంటున్నాడు. ఏదీ?" అంది ఆమె.

ముగ్గురూ పెట్టె వంక చూశారు.

"కోడల్ని సబ్బనుకుందిరా నీ బాతు," అంది తల్లి.

భార్య వంగి చెప్పులు విప్పుకుంది. అదే ఎక్కువ బాధగా ఉంది అతనికి. అంతలో ఒకటి తట్టింది. కోసేసినది వెంటనే మాయమైపోదు. దాని చోట మరొకటి వచ్చి కూర్చునేదాకా డిస్కులోనే ఉంటుంది. కూర్చోడానికి సిద్ధంగా ఉన్నది అమ్మ సీరియల్. ఏ క్షణాన్నైనా దాని రికార్డింగ్ మొదలవుతుంది. ఒక్క గెంతులో వెళ్లి ప్లగ్ పీకేశాడు.

"ఒరే, ఆ పెళ్లి ఆగుతుందో లేదో ఇవాళే తేలేది."

"అది ఎక్కితే ఇది చెరిగిపోతుందమ్మా."

ఆవిడ కోడలి రంగు మొహం వైపు చూసింది. "ఆగనీలే. ఆ పెళ్లికొడుకు నాకు మొదట్నుంచీ నచ్చలేదు."

డిస్కు మీద కొత్తగా ఏదీ పడకుండా, పెన్ డ్రైవ్‌లోంచి కంప్యూటర్‌ని లేపి, కోసేసిన ముక్కల కోసం వెతికాడు. పారేసినవన్నీ వరసకట్టి లేచొచ్చాయి. సబ్బు. బిస్కెట్టు. పరుపు. మళ్లీ సబ్బు. ప్రతి సబ్బుకీ ముగ్గురి గుండెలూ జారాయి. నాలుగో సబ్బుకి తల్లికి నవ్వొచ్చింది, దాంతో కోడలికీ నవ్వొచ్చింది, ఇక ఏం వచ్చినా నవ్వే. పళ్ల పేస్టు వెనకనుంచి, ఇల్లంతా చీల్చుకుంటూ ఈల.

తెర మీద ఆమె బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోయింది. ముక్కు ఒకచోట, చెవి ఒకచోట. ఈలకి మాత్రం చిన్న గాటు కూడా లేదు.

"జుట్టేమిటి అలా లేచింది? ఎవరూ చెప్పలేదేం?" అంది ఆమె, కళ్లు తెర మీంచి తియ్యకుండా.

"నీ జుట్టు ఎవడికి కావాలి, పాట విను," అంది అత్తగారు.

పై అంతస్తువాళ్లు నేల మీద కొట్టారు. అతను శబ్దం ఇంకాస్త పెంచాడు. పాట సగంలో ఉండగానే ఆమె, "మళ్లీ పెట్టండి," అంది.