సిబ్బీ మ్యూర్ పిలిచిన పోటు

"మీ లెక్క ఎప్పుడూ తప్పదా, లేక తప్పిందని మొహం మీద చెప్పే దమ్ము ఈ దీవిలో ఎవరికీ లేదా?"

అడిగినవాడు రెండాల్. ఇంటికప్పు వెయ్యడానికి ఆ మధ్యాహ్నమే కర్క్‌వాల్ పట్నం నుంచి వచ్చి పడవ దిగిన మేస్త్రీ. అడిగింది సిబ్బీ మ్యూర్ వంటింట్లో, దీవి జనమంతా తడిసిన బూట్లతో కిక్కిరిసి నిలబడి ఆమె వండిన గొర్రెమాంసం పులుసు తాగుతుండగా. డిసెంబరు గాలికి ఆ వంటింటి కప్పు సగం ఎగిరిపోయింది. ఎగిరినంత మేరా టార్పాలిన్ కట్టారు గాని, ఆ రోజు ఎండ కాస్తోందని దాన్ని కూడా మడిచి పక్కన పెట్టింది. నెత్తిన నీలంగా ఆకాశం, పొయ్యి మీద డేగిసా, చుట్టూ మేము.

"దమ్ము సంగతే," అంది సిబ్బీ. "ఇంకో గరిటె పొయ్యనా?"

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. నవ్వడానికి లేదు. ఆ పూట పోయింది ఆమె పరువొక్కటే కాదు, ఇంటికప్పు మీది ఆశ కూడా.

మా గొర్రెలు గడ్డి తినవు. తినవంటే, తిననివ్వం. ఆర్క్నీ దీవులకు ఉత్తరపు కొసన ఉన్న మా దీవి చుట్టూ మనిషి ఛాతీ ఎత్తున రాతిగోడ ఉంది. గోడకు లోపల పొలాలు, ఆవులు, మేము. బయట సముద్రం, గొర్రెలు. పాటుకు నీరు దిగితే అవి రాళ్ల మీదికి దిగి నాచు మేస్తాయి. పోటుకు నీరెక్కితే గోడ వారకు చేరి నెమరేస్తాయి. పట్టుకోవాలంటే అదే అదను. అమావాస్యకో పున్నమికో వచ్చే పెద్ద పోటు గోడ మొదలు దాకా ఎక్కినప్పుడు, నీటికీ గోడకీ మధ్య మిగిలే సన్నటి దారిలో మేమంతా వరసగా నిలబడి వాటిని దొడ్డిలోకి తోలుతాం. నీరు కొంచెం తక్కువైనా గొర్రెకు రెండో దారి దొరుకుతుంది. దొరికిందంటే ఇక అది మీ మొహం చూడదు.

ఆ రోజేదో చెప్పేది, మా మాటలో పోటును పిలిచేది, సిబ్బీ. అంతకు ముందు వాళ్ల నాన్న చెప్పేవాడు. ఆయన పోయిన ఏడు ఎవరు చెప్పాలా అని మగవాళ్లంతా హాల్లో కూర్చుని వాదించుకుంటూ ఉండగానే మంచి పోటు కాస్తా వచ్చి వెళ్లిపోయింది. మర్నాడు సిబ్బీ ఎవరినీ అడక్కుండా నాన్న ఎర్ర దుప్పటి తీసుకెళ్లి గోడ మీద ఆరేసి, నాలుగు రాళ్లు బరువు పెట్టి, వెళ్లి దొడ్డి తలుపు దగ్గర నిలబడింది. జనం వచ్చారు, గొర్రెలు వచ్చాయి. అప్పటినుంచి అంతే. ఇప్పుడు అందరి జేబుల్లో ఫోన్లున్నాయి, పోటు వేళలు ఏడాది ముందే అచ్చులో దొరుకుతాయి. అయినా గోడ మీద దుప్పటి కనపడందే ఎవరూ బూట్లు వేసుకోరు.

ఇలాంటి వాటిని చూసి పత్రికలవాళ్లు కళ్లు తడి చేసుకుంటారు. తరతరాల జ్ఞానం అంటారు, సముద్రంతో మాట్లాడే మనుషులు అంటారు. సిబ్బీ సముద్రంతో మాట్లాడగా మేమెవరమూ వినలేదు. ఆవిడ బడిలో వంట చేసింది, పిల్లలు లేక బడి మూసేదాకా. పెళ్లెందుకు చేసుకోలేదంటే తీరిక దొరకలేదంటుంది. పేకాటలో మోసం చేస్తుంది. ఒకసారి పాస్టరుగారు ప్రార్థనలో ఆవిడ పేరు ఎత్తి దేవుడిచ్చిన వరం అని పొగిడితే, బయటికొచ్చి, "వరం కాదు పాస్టరుగారూ, అచ్చుపుస్తకం చూసి, గాలి ఎటుందో చూసి, ఇంకో రెండు రోజులు ఆగుతానంతే," అంది. ఆవిడ గుట్టంతా ఆ ఆగడంలోనే ఉంది. పుస్తకం చెప్పిన పోటు మీద ఆగ్నేయపు గాలి ఒకటి తోడవ్వాలి. ఆ గాలి నీటిని మా ఒడ్డు మీదికి నెట్టి అక్కడే పట్టి ఉంచుతుంది. మా తీరాన శీతకాలంలో గాలికి కరువేముంది? ఆగితే వస్తుంది.

ఈసారి ఆవిడ ఆగలేదు.

ఎందుకంటే కప్పు. ఎగిరిపోయింది గాలివల్లనా, గాలి తెచ్చిన కెరటంవల్లనా అని బీమావాళ్లు తర్జనభర్జన పడి చివరికి కెరటం అన్నారు. కెరటానికి వాళ్లు డబ్బివ్వరు. రెండాల్‌ని ఫోన్లో అడిగితే, సగం ముందివ్వాలి, మిగతాది తర్వాత చూద్దాం అన్నాడు. సిబ్బీ దగ్గరున్నవి గోడ బయట మేసే పొట్టేళ్లు, విత్తులు తీసి నాలుగేళ్లు పెంచినవి. వాటిని దొడ్డికి తోలి, సరుకుల పడవెక్కించి, కర్క్‌వాల్ కసాయికి అమ్మితేగాని సగం డబ్బు చేతికి రాదు. ఫిబ్రవరి గాలులు రాకముందే నెత్తిన కప్పు పడాలి. పడకపోతే మిగతా సగమూ పోతుంది, ఆ తర్వాత గోడలూ నిలవవు. ఈ వయసులో జోర్డీ టల్లాక్ ఇంటి వెనకగదిలో కాలం గడపాల్సి వస్తుంది. జోర్డీ ఆమెతోపాటు బళ్లో చదివినవాడు, పక్కింటివాడు, రోజూ సాయంత్రం అకార్డియన్ అనే గాలిపెట్టె వాయిస్తాడు. వెనకగది అంటే ఆమెకు భయం అందుకే.

జనవరిలో అమావాస్య వచ్చింది. దాంతోపాటు మా తీరం పదేళ్లకోసారి చూసే వింత కూడా వచ్చింది. గాలి ఆగిపోయింది. సముద్రం పాలగిన్నెలా పడుకుంది. సిబ్బీ ఇంట్లో గోడకు వేలాడే, గాలి బరువు చూపే బారోమీటరు ముల్లు పైకి, పైపైకి పోయింది. సిబ్బీ దాన్ని వేలితో తట్టి చూసి మురిసిపోయింది. ఇంత నెమ్మదిగా ఉంటే పడవ తప్పక వస్తుంది. పొద్దున పోటు, మధ్యాహ్నం మేస్త్రీని దించి పొట్టేళ్లను ఎక్కించుకునే పడవ, సాయంత్రానికి పని మొదలు. కావాలని కుదిర్చిపెట్టమన్నా అలా కుదరదు. దుప్పటి ఆరేసింది.

ఆ దుప్పటి అంచు కూడా కదల్లేదు. మేం అనుమానించడానికి అదే చాలాల్సింది. తుఫానులో పుట్టి తుఫానులో పెరిగినవాళ్లం, గాలి ఈ మూల నుంచి వస్తే నీరెంత ఎక్కుతుందో ఎవరిని లేపి అడిగినా చెబుతాం. గాలే లేకపోతే ఎంత ఎక్కుతుందో ఎవరమూ ఆలోచించలేదు. చిన్నపిల్లల్లా ఎండకు మొహాలు ఎత్తుకుని వెళ్లి వరసలో నిలబడ్డాం.

పోటు వచ్చింది, పుస్తకం చెప్పిన వేళకే. వచ్చి, గోడకు అంత దూరంలో ఆగిపోయింది. ముల్లు అంత పైకి పోయిందంటే పైనున్న గాలి బరువు సముద్రాన్ని అదిమి పెడుతోందని అర్థం. అది సిబ్బీకి తెలుసు, నాకు తెలుసు, జోర్డీకీ తెలుసు. ఒడ్డుకీ ఎదురుగా ఉన్న రాతితిప్పకీ మధ్య, పెద్ద పోటుకు ఎప్పుడూ మునిగే రాళ్లవరస, ఆ రోజు పొడిగా, తుడిచి పెట్టినట్టు తేలి ఉంది. ముందున్న ముసలి గొర్రె దాన్ని చూసింది. మమ్మల్ని చూసింది. నడుచుకుంటూ, పరుగు కూడా లేకుండా, తిప్ప మీదికి వెళ్లిపోయింది. మందంతా దాని వెనకే. కొందరు మోకాళ్లలోతు దిగి అదిలించబోయి నడుములోతు తడిశారు.

"ఏమే సిబ్బీ," అన్నాడు జోర్డీ నీళ్లలోంచి, "ఈ పోటుని పిలిచావా, రావద్దని బతిమాలావా?"

"నోరు మూసుకుని పైకి రారా, జలుబు చేస్తుంది."

"గొర్రెల కోసం పిలిచావా, కప్పు కోసమా? అది చెప్పు ముందు."

"కప్పు కోసమే. నీ ఇంట్లో పడుకోవాల్సి వస్తుందని. చాలా?"

మాలో ఒక ఆనవాయితీ ఉంది. పిలిచిన పోటు వృథా అయితే, పిలిచినవాళ్లు ఆ రోజు దీవి జనానికంతటికీ పులుసు పోయాలి, ఆ శీతకాలానికి దుప్పటి ఆరేసే పని ఇంకొకరికి అప్పగించాలి. సిబ్బీ నాన్న హయాంలోగాని ఆమె హయాంలోగాని ఆ అవసరం రాలేదు కాబట్టి, రెండు తరాల ఆకలి ఆ రోజు తీర్చుకున్నాం. పులుసు, బార్లీ రొట్టె, జోర్డీ తెచ్చిన ఇంటి బీరు. రెండాల్ ఆ ప్రశ్న అడిగింది అప్పుడే. అడిగి, రెండో గిన్నె తాగి, మూడోది పట్టుకున్నాడు. ఈలోగా రేవులో పడవ సరంగు, ఎక్కించడానికి గొర్రెలు లేవని తెలిసి, పడమట ఆకాశం రంగు నచ్చక, డబ్బు లేని పని వదిలి తిరిగి పోదామనుకున్న మేస్త్రీ కోసం ఆగకుండా లంగరెత్తేశాడు.

"నా పడవ," అన్నాడు రెండాల్, గిన్నె చేతిలోనే ఉంది.

"వెళ్లిపోయింది," అంది సిబ్బీ. "మా లెక్క ఒక్కటే తప్పుతుందనుకున్నావా?"

ఇక దుప్పటి ఆరేసే వంతు జోర్డీది. ఆ మనిషి పదిహేనేళ్లుగా, నాకిస్తే చూపిస్తానని చెప్పుకు తిరిగినవాడు. తీరా వంతు వచ్చాక ఏ రోజు ఆరెయ్యాలో తేల్చుకోలేకపోయాడు. మర్నాడు బారోమీటరు దిగడం మొదలెట్టింది. జోర్డీ వచ్చి సిబ్బీ పెరటి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రేపేనంటావా?"

"నీ ఫోన్ని అడుగు."

"అది వేళ చెబుతుందే, నీరు ఎంత దూరం వస్తుందో చెప్పదు."

"నాకూ తెలీదని నిన్ననే కదా తేలింది."

"సిబ్బీ, నీ పొట్టేళ్లే కదే అవి."

ఆవిడ ఇంకో బంగాళదుంప తీసుకుని చెక్కు తీసింది. నిజానికి చెప్పాలని నోటి దాకా వచ్చిందట, తర్వాత ఒప్పుకుంది. చెప్పి అది తప్పితే పొట్టేళ్లూ పోతాయి, జోర్డీ బతుకంతా దెప్పుతాడు. చెప్పకుండా తప్పితే దెప్పేది తనే. చివరికి, "నాన్న దుప్పటి మాత్రం ఇవ్వను. నీ ఇంట్లోది ఆరేసుకో," అని తలుపేసింది.

ఆ మర్నాడు ఆగ్నేయం నుంచి గాలి అందుకుంది. జోర్డీ తన భార్య పూలపూల దుప్పటి పట్టుకెళ్లి గోడ మీద పరిచి రాయి కోసం వంగాడు. లేచేసరికి దుప్పటి లేదు. సముద్రం అవతల ఎవరైనా వాడుకుంటుంటే సంతోషమే. దుప్పటి లేకపోయినా జనం వచ్చారు, గాలి చూసి వచ్చారు. నీరు గోడ మొదలు దాటి రాళ్ల సందుల్లోంచి పొలంలోకి చిమ్ముతోంది. జోర్డీ ఒక్కొక్కరినీ నిలబెడుతూ వచ్చి, రాళ్లవరస మొదట్లో, అన్నిటికన్నా చలిచోట, సిబ్బీని నిలబెట్టాడు.

"ఇక్కడెందుకురా?"

"నిన్ను చూస్తే గొర్రెలు ఈసారి ఆ పక్కకి పోవు. సిగ్గుపడతాయి."

రాళ్లవరస ఉన్నచోట తెల్లటి నురుగు తప్ప ఏమీ లేదు. ఆ ముసలి గొర్రె అటు చూసింది, సిబ్బీని చూసింది, వెనుదిరిగి దొడ్డిలోకి నడిచింది. తలుపు మూసేసరికి సిబ్బీ మెడ దాకా తడిసి ఉంది, పళ్లు కటకటలాడుతున్నాయి. జోర్డీ పొగడ్త కోసం ఎదురు చూస్తున్నాడు.

"పర్లేదు," అంది. "నేనైతే దుప్పటికి ముందు రాయి వెతుక్కునేదాన్ని."

పొట్టేళ్లు దొరికాయి, పడవ లేదు. గాలి తగ్గినా కెరటం తగ్గదు. పడవ రావడానికి వారం పట్టింది. దొడ్డిలో గొర్రెకు గడ్డి పెడితే ఒంటికి పడదు, చచ్చినా చస్తుంది. అందుకని సిబ్బీ, జోర్డీ రోజూ పాటు వేళ ట్రాక్టరు తీసుకెళ్లి ఒడ్డున పడ్డ నాచు ఎత్తి తెచ్చి పొట్టేళ్లకు పోశారు. గొర్రెలకు క్యారేజీ భోజనం అని దీవంతా నవ్వింది. అవీ ఆ భోజనం సగమే తిన్నాయి. ఎవరో ఏరి పెట్టింది తినడం వాటికి నామోషీ కాబోలు.

రెండాల్ ఆ వారమంతా జోర్డీ వెనకగదిలో ఉన్నాడు. తినడానికి లోటు లేదు, చెయ్యడానికి పని లేదు, సాయంత్రమైతే అకార్డియన్. మూడో రోజు పొద్దున్నే తన ఇనుప పెట్టె పట్టుకుని సిబ్బీ ఇంటికి వచ్చాడు.

"ముందు సగం ఇస్తేగాని మొదలెట్టనన్నావుగా," అంది ఆవిడ.

"డబ్బు సంగతి తర్వాత. నాకు నెత్తిన అకార్డియన్ లేని కప్పు కావాలి."

గాలి ఉన్నన్నాళ్లూ లోపలి నుంచి వాసాలు బిగించాడు, గాలి తగ్గాక పైకెక్కి నాపరాళ్లు పరిచాడు. పడవ వచ్చిన పొద్దున ఆఖరి రాయి పెట్టి, దిగి, పొట్టేళ్లతోపాటు పడవెక్కాడు. ఫిబ్రవరి గాలి రావలసిన వేళకు వచ్చింది. ఆ రాత్రి సిబ్బీ తన పక్క మీదే పడుకుంది. కప్పు మీద నుంచి ఒక్క రాయి కూడా జారలేదు.

పొట్టేళ్లు మాత్రం ఆ వారంలో ఒళ్లు తగ్గాయి, కసాయి తూకం వేసి ధర తగ్గించాడు. వచ్చిందంతా సిబ్బీ రెండాల్‌కు పంపేసింది. ఇంకా మూడు వందల ఇరవై పౌండ్లు ఇవ్వాలి.