నాకేమనిపిస్తోందని అడిగితే

అమెరికాలో టెక్సస్ దగ్గరి ప్లేనో ఊరికి వచ్చిన కొత్తలో నాకు కారు నడపడం రాదు. అది 2003. మావారు పొద్దున ఆఫీస్‌కి వెళ్తే సాయంత్రందాకా అపార్ట్‌మెంట్‌లో నేనొక్కదాన్నే. ఒక మధ్యాహ్నం ఇద్దరు అమెరికన్ అమ్మాయిలు తలుపు తట్టారు. మార్మన్ మతం గురించి చెప్పడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నారట. మతం సంగతి అటుంచి, మాట్లాడే మనుషులు దొరికారని లోపలికి పిలిచి పులిహోర పెట్టాను.

వాళ్ళ ద్వారానే ఒక పెద్దావిడ పరిచయమైంది. నర్సుగా రిటైరయింది, భర్త లేడు. చర్చిలో అందరూ ఆవిడని సిస్టర్ అనేవారు. అంత పెద్దావిడని అలా పిలవడానికి నోరు రాక నేను ఆంటీ అనేదాన్ని. చర్చి వెనక ఖాళీ పార్కింగ్‌లో ఆవిడే నాకు డ్రైవింగ్ నేర్పింది. కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. పాప పుట్టాక మూడు వారాలపాటు వండి తెచ్చింది. ఆ కూరల్లో కారమన్నది మచ్చుకైనా ఉండేది కాదు. అయినా తింటుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగేవి.

పాపకి ఏడాది నిండాక బాప్తిస్మం తీసుకున్నాను. ఆ మతంలో టీ, కాఫీలు తాగరు. మావారు అడ్డు చెప్పలేదు. "నీ ఇష్టం. నా కాఫీ జోలికి మాత్రం రాకు" అన్నారు.

నిజానికి ఆ నియమాలు నాకు హాయిగానే ఉండేవి. ఏం తాగాలి, ఏం కట్టుకోవాలి, ఆదివారం ఎలా గడపాలి, అన్నీ ఎవరో ముందే తేల్చిపెట్టారు. పుట్టింట్లో నాన్న, పెళ్ళయ్యాక మావారు, ఆ తర్వాత చర్చి. నేను చాలా మారిపోయాననుకునేదాన్ని. మారింది నాకు చెప్పేవాళ్ళే.

అక్కడ ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలకి బాప్తిస్మం ఇస్తారు. పాపకి ఆ వయసు దగ్గరపడుతుండగా, ఒక రోజు కార్‌లో వెనక సీటు నుంచి అడిగింది.

"అమ్మా, ఇంతకుముందు చర్చిలో బ్లాక్ వాళ్ళని ప్రీస్ట్ అవ్వనివ్వలేదంట. ఎందుకు?"

నేను చర్చిలో పిల్లల క్లాసుకి పాఠాలు చెప్పేదాన్ని. జవాబు నోటికొచ్చు. "దేవుడి కారణాలు మనకి తర్వాత తెలుస్తాయి నాన్నా."

"గాడ్ కాదు. నువ్వు. నీకు ఏం అనిపిస్తుంది?"

చెప్పడానికి భయపడి ఆగిపోలేదు నేను. వెతుక్కుంటే లోపల నాదంటూ ఏ అభిప్రాయమూ దొరకలేదు. ఇంటికెళ్ళేదాకా రేడియో పెట్టాను.

తర్వాత కొన్ని నెలలు చదివాను, అడిగాను, ఏడ్చాను. చివరికి చర్చి మానేశాను. ముందుగా చెప్పింది ఆంటీకే. వాళ్ళ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని చెప్పాను.

"నాకు బాధగా ఉంది" అంది ఆవిడ. "గురువారం నా మోకాలు చూపించడానికి నువ్వే తీసుకెళ్తానన్నావు. అది కూడా మానేస్తున్నావా?"

"లేదు ఆంటీ."

"అయితే తొమ్మిదింటికి రా."

మతమైతే వదిలాను గానీ అలవాటు వదల్లేదు. ఇంటర్నెట్‌లో నాలాగే బయటికొచ్చినవాళ్ళ గ్రూప్ ఒకటి దొరికింది. మొదట్లో ఎంత ఊరటో చెప్పలేను. కొన్నాళ్ళకి వాళ్ళు దేన్ని తిడితే నేనూ దాన్నే తిట్టేదాన్ని. పండక్కి ఏం చేయాలన్నా, పాపకి ఏం చెప్పాలన్నా వాళ్ళనే అడిగేదాన్ని.

"ఇదివరకు సండే ఒక్కరోజే చర్చి" అన్నారు మావారు. "ఇప్పుడు మనింట్లో వారమంతా చర్చే నడుస్తోంది."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజుకి ఆ మాటలో నిజం ఉందనిపించింది.

పాపకి పదేళ్ళప్పుడు, ఆ చర్చికి వెళ్ళే దాని స్నేహితురాలు క్రిస్మస్ నాటకంలో వెయ్యమని పిలిచింది. పాపకి గొర్రె వేషం. ఎగురుకుంటూ వచ్చి చెప్పింది. నేను అలవాటుగా గ్రూప్‌లో రాయడం మొదలుపెట్టాను. ఏం జవాబులొస్తాయో ముందే తెలుసు: పంపొద్దు, లాగేసుకుంటారు. రాసింది చెరిపేశాను. మావారినీ అడగలేదు. కూరగాయలకని వెళ్ళి, షాపు ముందు కార్‌లోనే కూర్చున్నాను. నా భయం దేనికి? ఆ మనుషులంటేనా? కాదు. చిన్న వయసులోనే బాప్తిస్మం పేరుతో పెద్ద ప్రమాణాలు చేయించడం అంటే భయం. ఇంత చిన్న ముక్క తేల్చుకోవడానికి దాదాపు గంట పట్టింది. కూరగాయలు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చాను.

"నాటకానికి వెళ్ళు. బాప్తిస్మం మాత్రం పెద్దయ్యాక, నీకే కావాలనిపిస్తే" అన్నాను.

"ఎందుకు?"

"అక్కడి వాళ్ళంటే నాకు ఇష్టం. వాళ్ళు చెప్పేవి కొన్ని నేను నమ్మను. నాకు అలా అనిపిస్తుంది. నీకు వేరేలా అనిపించొచ్చు."

"ఓకే. మరి టెయిల్ ఎవరు కుడతారు?"

తోక ఆంటీ కుట్టింది. నాటకం రోజు నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను. ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగి, మళ్ళీ వచ్చేశావా అని సంతోషంగా అడిగింది. "లేదండీ, గొర్రెని చూడ్డానికొచ్చాను" అన్నాను. ఆంటీ నా చెయ్యి నొక్కి వదిలింది. పాప స్టేజీ మీద నుంచి మమ్మల్ని చూసి, గొర్రెలా ఉండాలన్న సంగతే మరిచి రెండు చేతులూ ఊపింది.

మరుసటి ఏడాది నాటకం వద్దని స్విమ్మింగ్‌లో చేరింది. ఎందుకని అడిగితే, గొర్రెకి డైలాగులు లేవంది.