గంజి పెట్టని పంచె

మొన్న ఆదివారం తెనాలిలో మా ఇంటికి వచ్చిన అక్క మనవరాలు, తను టెలిస్కోపుతో తీసిన నక్షత్రాల ఫోటో ఒకటి కంప్యూటరులో చూపించింది. అందులో ఒకచోట గుండ్రంగా నల్లటి మచ్చ, దానికి కాస్త ఎడంగా అంతే సైజులో పొగలాంటి తెల్లటి మచ్చ ఉన్నాయి. కెమెరా విప్పి మళ్ళీ బిగించేటప్పుడు కొంచెం తిరిగిందట, అందుకని దుమ్ము మచ్చలు చెరిపేందుకు తీసే ఉత్త వెలుగు ఫోటో, అదే ఫ్లాట్ ఫ్రేమ్, సరిపోలేదట. ఆ పిల్ల మామూలుగానే చెప్పింది గాని, నేను కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాను.

మన రోజుల్లో మంచి కెమెరా ఇంటింటా ఉండే వస్తువు కాదని మీకు చెప్పక్కర్లేదు. ఎనభైల చివర్లో నేను తెనాలిలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. బాపట్ల కాలేజీలో ఫిజిక్సు చెప్పే మా బావగారు, అంటే అక్క భర్త, తన చేత్తో అద్దం అరగదీసి చేసుకున్న టెలిస్కోపుకు ఆ స్టూడియో కెమెరాను నేనే పట్టుకెళ్ళేవాణ్ణి. గొట్టంలో కెమెరాకు ముందుండే గాజు మీద పడ్డ దుమ్ము ప్రతి ఫోటోలోనూ మచ్చగా దిగుతుంది కాబట్టి, రాత్రి ఫోటోలు అయ్యాక కెమెరాను వెంట్రుకవాసి కదపకుండా, తెల్లవారగానే గొట్టం మూతికి తెల్లటి పంచె కట్టి ఆ వెలుగును ఒక ఫోటో తీయాలి. దాన్నుంచి నలుపుతెలుపులు తిరగేసిన ఎదురు ఫిల్ము చేసి నక్షత్రాల నెగెటివు మీద పెట్టి ప్రింటు వేస్తే మచ్చకు మచ్చ చెల్లిపోతుంది. ఆ పంచెకు గంజి గాని నీలిమందు గాని తగిలితే వెలుగు సమంగా రాదని బావగారు పదిసార్లు చెప్పేవారు, అక్క దాన్ని విడిగా ఉతికి ఆరేసి ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఒక ఏడు కార్తీకంలో ఒకనాడు రాత్రంతా ఫోటోలు తీసి, తెల్లవారుజామున పడుకుంటూ ఆయన పంచె ఫోటో పని నాకు అప్పజెప్పారు. నాకేమో రేపల్లెలో పెళ్ళి ఫోటోలు, మొదటి బస్సు తప్పితే ముహూర్తం అందదు. వెలుగు రాకముందే కెమెరా విప్పుకుని వెళ్ళిపోయి, సాయంత్రం తిరిగొచ్చి కంటి అంచనాతో బిగించి, అప్పుడు పంచె కట్టి తీశాను. పొద్దున్నే తీశానని బావగారికి చెప్పాను.

స్టూడియో డార్క్‌రూములో, ట్రేలో ప్రింటు తేలుతుండగా పక్కపక్కన ఆ రెండు మచ్చలూ కనపడగానే ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. అయినా నోరు మెదపకుండా తీసుకెళ్ళి ఇచ్చాను. బావగారు నల్లమచ్చను పట్టించుకోలేదు; తెల్లమచ్చ ఏ పటంలోనూ లేదని, కొత్త తోకచుక్క అని తేల్చుకున్నారు. మళ్ళీ తీసి చూద్దామంటే వాయుగుండం పట్టి వారం రోజులు ఆకాశం కనపడలేదు. ఈలోగా ఇంకెవరైనా ముందు చెప్పేస్తారన్న ఆరాటంతో ఒక పరిశోధనశాలకు ఉత్తరం రాసి, కాలేజీలోనూ అందరికీ చెప్పుకున్నారు. ఆ వారంలో ఏ పూటైనా నేను ఒక్క ముక్క చెప్పి ఉండవచ్చు. భయమో సిగ్గో గాని, చెప్పలేదు.

అక్కడ ఏమీ లేదనీ పరికరంలో లోపమై ఉంటుందనీ మర్యాదగానే జవాబు వచ్చింది. కాలేజీలో మాత్రం ఆయన ఎదురైతే తోక దొరికిందా అని అడిగేవారట. ఒక సాయంత్రం బావగారు ఆ పంచె తెచ్చి అక్క ముందు విసిరికొట్టారు.

"నేను గంజి పెట్టలేదండి, ఉత్త నీళ్ళలో జాడించి ఆరేశానంతే," అంది అక్క.

ఆయన వినలేదు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆ తరువాత ఆయన టెలిస్కోపు ముట్టలేదు, తొంభైల్లో పోయేదాకా అక్కతో మనసిచ్చి మాట్లాడనూ లేదు. అక్క నన్ను ఒక్కసారే అడిగింది, "ఏంట్రా, నిజంగా ఆ పంచెలో ఏమన్నా ఉందంటావా?" అని. ఉందేమో అక్కా అన్నాను. తనూ పోయి చాలా ఏళ్ళయింది.

"నానమ్మ గంజి పెట్టి తోకచుక్కను పుట్టించిందట కదా తాతయ్యా," అని మొన్న మనవరాలు నవ్వింది. మా ఇంట్లో అదిప్పుడు నవ్వుకునే కథ. అంతలోనే తెర మీది తన ఫోటో వైపు చూసి ఆగింది. "కానీ గొట్టం మూతికి కట్టిన గుడ్డ మీద మరక ఇలా మచ్చగా పడదే. ఎవరో కెమెరా తిప్పుంటారు. మీరు అక్కడే ఉన్నారటగా, గుర్తుందా?"

గుర్తులేదమ్మా అన్నాను. ఇప్పటి కెమెరాలు ఏ ఫోటో ఏ గంటకు తీసిందీ వాటంతటవే రాసిపెట్టుకుంటాయట. మన రోజుల్లో అది మనిషి చెబితేనే తెలిసేది.