మిద్దె మీద రేడాన్ మానిటర్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, చలికాలం. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు వెనక వీధిలో, ఈరమ్మ ఇంటి మిద్దె మీద రేడాన్ మానిటర్ పెట్టాము. జిన్నింగ్ మిల్లంటే పత్తి నుంచి గింజలు వేరుచేసే చోటు. కోసిగి నుంచి వచ్చి స్థిరపడిన ఈరమ్మ అందులోనే కూలి. ఆమె భర్త తిక్కన్నకు ఉబ్బసం.

నేను గాలి నాణ్యత పరిశోధనలో ఫీల్డ్ టెక్నీషియన్ని. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య బస్సుల్లో బ్యాటరీలు మోసుకుని తిరగడంతోనే ఒళ్లు హూనమయ్యేది.

రేడాన్ నేలలోంచి ఎప్పుడూ వెలువడే వాయువు. రంగూ వాసనా ఉండవు. గాలి కదలని చలి రాత్రుల్లో నేల దగ్గరే పోగుపడుతుంది, ఎండెక్కాక పై గాలిలో కలిసి పలచబడుతుంది. పక్కనే దుమ్మును కొలిచే సెన్సర్ కూడా పెట్టాము. రెండూ కలిసి పెరిగితే ఊరి పొగ, దుమ్ము కదలక నిలిచిపోయాయని అర్థం. రేడాన్ తగ్గినా దుమ్ము తగ్గలేదంటే, దగ్గరలోనే ఎవరో వదులుతున్నారని.

దుమ్ము గురించి వీధివాళ్లు అడిగినప్పుడల్లా మిల్లు మేనేజరు, "చలికాలం గాలి అట్లే ఉంటాది" అని పంపేసేవాడు.

పత్తి సీజన్ సగానికి వచ్చేసరికి సంగతి తేలింది. తెల్లవారుజామున రెండూ ఎక్కువే. మధ్యాహ్నానికి రేడాన్ బాగా పడిపోయేది, దుమ్ము మాత్రం దిగేది కాదు. మిల్లు ఆగిన రోజుల్లో అదీ దిగేది.

ఈరమ్మకు అదే చెప్పాను. "తెల్లారేపాటికి అన్నను బయట కూర్చోబెట్టొద్దక్కా. ఆ పూట గాలి నేలకే అతుక్కోనుంటుంది. ఎండెక్కినాక, అదీ మిల్లు ఆగిన రోజైతే రానియ్యి."

"మంచిగాలని నేనే కూర్చోబెడ్తాంటినే!" అంది. "అయితే మద్యాన్నం దుమ్ము మిల్లుదేనా?" అని అడిగింది.

"మిల్లుదే. రిపోర్టులో రాసి పైకి పంపించినాము."

"పైనోళ్లు ఎప్పుడొస్తారప్పా?"

"తెలీదక్కా."

"సలిగాలినైతే అడగలేము. మిల్లునన్నా అడగొచ్చు కదా."

"పని పోతుందేమో చూసుకో."

"ఊపిరి పోతాండాది ఈడ," అంటూ లోపల దగ్గుతున్న భర్త వైపు చూసింది.

మరునాడు వీధి ఆడవాళ్లను వెంటేసుకుని మేనేజరు దగ్గరికి పోయింది. రోజూ పోయి నిలబడ్డారు. చివరికి, చిరిగిపోయిన డస్ట్ కలెక్టర్ సంచులు మార్చారు. దుమ్మును బయటికి పోనీయకుండా పట్టే సంచులవి. మధ్యాహ్నపు దుమ్ము తగ్గడం మా సెన్సర్లోనూ కనబడింది. మా రిపోర్టుకు మాత్రం జవాబు రాలేదు. తర్వాతి సీజన్లో ఈరమ్మను పనికి పిలవలేదు.

ఆ మధ్య ఎమ్మిగనూరు బస్టాండులో కనిపించింది. అక్కడి మిల్లులో పనికి కుదిరిందట.

"అన్న ఎట్లున్నాడక్కా?"

"నిద్ర పోతాండాడప్పా, అది సాలు." నా చేతిలోని బ్యాటరీ చూసింది. "ఈడ గూడా పెడ్తాండావా?"

"పెడుతున్నానక్కా."

"ఏం తేలిందో నాకు సెప్పిపో," అని ఆటో ఎక్కింది.

ఈరమ్మ సంగతి తర్వాత నాకొక అలవాటైంది. రిపోర్టు పైకి పంపే ముందు, మిద్దె ఎవరిదో వాళ్లింట్లో కూర్చుని, తేలిందంతా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి వస్తాను. ఎంత అలసిపోయినా సరే, ఆ పని మాత్రం మానను.