మేడ మీద రెండు మౌసులు

నాకు కుళ్లు ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే తరువాతదంతా తేలిగ్గా చెప్పుకోవచ్చు. మా తోటికోడలు, అంటే మా మరిది భార్య, కాపురానికి వచ్చి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఆమెను చూసి నేను కుళ్లుకోని రోజు ఒక్కటైనా ఉందా అని వెతికితే, జ్వరంతో పడుకున్న మూడు రోజులు ఉండాలేమో. అవి కూడా లెక్కలోకి రావు. ఆమె కాచిన జావ బాగుందని మా ఆయన అన్నప్పుడు దుప్పటి కింద పళ్లు నూరుకున్న సంగతి నాకు బాగా గుర్తుంది.

మాది పెండ్లి కార్డుల దుకాణం. పాతబస్తీలో పత్తర్‌గట్టి వెనక గల్లీలో, కింద షట్టరు, పైన ఇరుకు మేడగది. కింద మామయ్య, మా ఆయన, మా మరిది నమూనాలు చూపిస్తూ గిరాకీలతో మాట్లాడతారు. పైన కంప్యూటర్ల ముందు కూర్చుని కార్డులు తయారుచేసేది కోడళ్లం. ఉర్దూ కార్డులు బయట రాయించుకొస్తారు. తెలుగు కార్డులు మాత్రం పద్దెనిమిదేళ్లుగా నావి. కిటికీ పక్కన నా బల్ల, నా కుర్చీ. పెండ్లికొడుకు తాతగారి పేరు ముందు ‘చిరంజీవి’ పడిందనో, మేనత్త పేరు మరిచిపోయారనో నా కార్డు మీద ఎవరూ వచ్చి లొల్లి చేయలేదు. శాలిబండలో మా ఇల్లు అందరిదీ. వంటిల్లు అందరిదీ. ఈ కుర్చీ ఒక్కటే నాదని నేను గట్టిగా అనుకున్న వస్తువు.

ఆమె వచ్చేటప్పుడు ల్యాప్‌టాపుతో వచ్చింది. ఏదో బొమ్మలు కదిలించే కోర్సు చదివిందట. నా బల్ల పక్కనే ఆమెకూ ఒక బల్ల వేశారు. నెల తిరగకముందే ఫోనులో పంపుకునే కార్డులు చేసిపెట్టింది. వాటిలో వినాయకుడు చెవులు ఊపుతాడు, తామరపూలు విచ్చుకుంటాయి, మీద నుంచి అక్షింతలు రాలుతాయి. గిరాకీలు మెట్ల కింద నుంచే “చిన్నకోడలు ఉన్నదా?” అని అడగడం మొదలుపెట్టారు. “ఈ పిల్ల కాలు మంచిది, దుకాణం లేచింది” అని మామయ్య ఒకరోజు నా ముందే అన్నారు. మరి నా కాలు ఎట్లాంటిదో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ రోజంతా అన్నం సహించలేదు.

మౌసు తీగ నమూనాల కట్టలకు తగులుకుంటోందని మొన్న దసరాకు కొన్ని రోజుల ముందు మా ఆయన ఇద్దరికీ తీగలేని మౌసులు తెచ్చారు. నాకు నల్లది, ఆమెకు ఎర్రది. ఎరుపంటే నాకు ప్రాణం. ఆ సంగతి ఆయనకు ఈ జన్మకు తట్టదు.

పండగ అయ్యాక వారానికి మొదలైంది అసలు బాధ. జహనుమాలో మాకు ఒక పాత గిరాకీ కుటుంబం ఉంది. వాళ్లింట్లో ఏ పెండ్లి అయినా కార్డుకు నాలుగు పక్కలా మల్లెతీగ అంచు ఉండాల్సిందే. పాత కార్డు తెచ్చి బల్ల మీద పెట్టి, ఇట్లాగే కావాలంటారు. ఆ తీగను ఆకు ఆకుగా, మొగ్గ మొగ్గగా గీయాలి. అంతకు ముందు మూడు పెండ్లిళ్లకు గీసింది నేనే. నాలుగోది గీద్దామని కూర్చున్నాను. రెండు ఆకులు వేశానో లేదో, కర్సర్ ఒక్క గెంతు గెంతి పెండ్లికూతురి పేరు మీద వాలింది. వెనక్కి తెచ్చాను. కాసేపు కదలకుండా మొండికేసింది. తరువాత ఉన్నట్టుండి కిందికి జారి ముహూర్తం మీద గీత గీసింది. నేను గీసిన మల్లెతీగ పిచ్చి పట్టినట్టుంది.

పక్క నుంచి ఆమె చూస్తూనే ఉంది. “అక్కా, చెయ్యి గిట్ల వణుకుతుందా మీకు? జర ఆగుండ్రి, నేను చూస్త” అంది.

నా ఒళ్లు మండిపోయింది. వణుకు అన్న మాట నా దగ్గర అనకూడదు. మా అమ్మకు యాభై నిండకముందే చేతులు వణికేవి. చాయ్ కప్పు సాసరులో పెడితే గలగలమనేది. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ నలభై ఆరు దాటాయని కూడా తెలుసు. “నీ పని నువ్వు చూసుకో చెల్లె” అన్నాను. ఆమె తన పనికి తిరిగింది. చెప్పిన మాట విన్నా నాకు కోపమే.

సాయంత్రానికి విషయం కిందికి పోయింది. ఎవరు మోశారో నేను వేరే చెప్పాలా? మామయ్య మోకాళ్ల నొప్పితో మెట్లెక్కరు. అట్లాంటి మనిషి ఆ రోజు పైకి వచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

“అమ్మా, చెయ్యి వణుకుతుందంట గదా. ఫికర్ చెయ్యకు. మంచి డాక్టరుకు చూపిద్దం. రేపు సాయంత్రం జహనుమావాళ్లు కార్డు చూడనీకి వస్తరు. నీతోని గాకపోతే చిన్నదానికియ్యి. ఇగ తెలుగు కార్డులన్నీ ఆమెనే చూసుకుంటది. ఈ కిటికీ దగ్గర గాలొస్తది, ఆమె ఇక్కడ కూసుంటది. నువ్వు ఇంటికాడ ఆరాం చెయ్యి.”

అంత మెత్తగా నా కుర్చీ లాగేశారు. “రేపు సాయంత్రం దాక నాకు ఇయ్యండి మామయ్యా” అని మాత్రం అనగలిగాను. ఆయన తల ఊపి దిగిపోయారు. ఆమె తన ల్యాప్‌టాపులోకి తల దూర్చి ఉంది. సంతోషం దాచుకుంటోందని అనుకున్నాను.

ఇంటికి పోతూ షేర్ ఆటోలో కుడిచెయ్యి చాపి చూసుకున్నాను. గజగజ వణుకుతోంది. తరువాత పక్కనున్న ఆవిడ చెయ్యి చూశాను, అదీ వణుకుతోంది. ఆటోవాడి మెడ కూడా వణుకుతోంది. శాలిబండ దాకా ఆ రోడ్డు అట్లాగే ఉంటుంది. ఇంట్లో స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి పట్టుకుని నిలబడ్డాను. చుక్క తొణకలేదు. అప్పుడు నాకు మరింత కోపం వచ్చింది. చెయ్యి బాగానే ఉంటే, బాగాలేనిది ఇంకేదో ఉండాలి కదా.

మరునాడు అందరికంటే ముందు దుకాణానికి వెళ్లాను. మౌసులో సెల్లు మార్చాను. కొత్త సెల్లు, నా ముందే ప్యాకెట్ చింపించి తెచ్చుకున్నది. కర్సర్ గెంతింది. మా దగ్గర మౌసు కింద వేసుకునే పట్టా విడిగా కొనరు. పాడైన కార్డు ఒకటి వేసుకుంటాం. నాది బంగారు రేకు అద్దిన కార్డు, తళతళలాడుతుంది. మెరిసే దాని మీద మౌసు సరిగ్గా నడవదని ఎక్కడో విన్నాను. తీసేసి మామూలు తెల్ల కాగితం వేశాను. కాసేపు బుద్ధిగా నడిచింది, నాలుగు ఆకులు వేశాను, అయిదో ఆకుకు మళ్లీ గెంతింది. మౌసుతో వచ్చిన చిటికెనవేలి గోరంత రిసీవర్ కంప్యూటర్ పెట్టె వెనక గుచ్చి ఉంది, అక్కడ ఇనుప బీరువా అడ్డం. దాన్ని పీకి ముందు వైపు గుచ్చాను. అయినా అదే తీరు.

ఇక మిగిలింది ఒక్కటే అనిపించింది. రెండు మౌసులూ ఒకే రకం, బల్లలు పక్కపక్కన. ఆమెది నా దాన్ని లాగుతోంది. ఆమె చెయ్యి కదిపినప్పుడల్లా నా కర్సర్ గెంతుతోంది. ఆమెకు తెలిసే జరుగుతోందని కూడా అనుకున్నాను. చదువుకున్న పిల్ల, తెలియకుండా ఎట్లా ఉంటుంది? అనుమానం వచ్చాక నాకు అన్నీ దానికి తగ్గట్టే కనిపిస్తాయి. ఆమె కింద చాయ్ కోసం దిగగానే లేచి వెళ్లి, ల్యాప్‌టాపుకు గుచ్చి ఉన్న ఆమె రిసీవర్ పీకేశాను. వచ్చి కూర్చుని మౌసు పట్టుకున్నాను. నా కర్సర్ మేకపిల్లలా ఎగిరింది. దొంగతనం చేసి కూడా ఫలితం లేకపోవడం ఎంత అవమానమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

తిరిగి గుచ్చే లోపలే ఆమె పైకి వచ్చేసింది. చేతిలో రెండు చాయ్ గ్లాసులు. ఒకటి నా ముందు పెట్టింది. బల్ల మీద పడి ఉన్న రిసీవర్ చూసింది, నన్ను చూసింది, దాన్ని తీసి మళ్లీ గుచ్చుకుంది. “ఊడినట్టుంది” అంది. అంతే. ఒక్క మాట అడిగి ఉంటే ఆమెతో పోట్లాడి తేలికపడేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

చాయ్ సగం తాగాక “అక్కా, మౌసు ఒకసారి ఇటియ్యండి” అని చెయ్యి చాపింది. ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చాను. సాయంత్రం దగ్గర పడుతోంది, కార్డు మీద సగం తీగే ఉంది. ఆమె మౌసును బోర్లా తిప్పింది. కింద చిన్న గుంట, అందులో ఎర్రటి దీపం. ఆమె స్విచ్చు ఆపింది. దీపం ఆరిపోయింది, ఎరుపు మాత్రం పోలేదు. అగ్గిపుల్లకు దూది చుట్టి గుంటలో తిప్పి బయటికి తీసింది. దూదికి ఎండిన గంధం పొలుసులు, కుంకుమ.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, తల తీసేసినట్టయింది. దసరా నాడు దుకాణంలో ఆయుధపూజ. కత్తెరలు, మడతలు వేసే యంత్రం, కంప్యూటర్లు, అన్నిటికీ గంధం, కుంకుమ పెడతాం. ఈసారి పూజ పళ్లెం ఆమె చేతికి పోనివ్వలేదు. అంతా నేనే చేశాను. ఆమె మౌసుకు ఆవగింజంత బొట్టు తగిలించి వదిలేశాను. నా మౌసుకు వీపు నిండా గంధం పూసి, కుంకుమ పెట్టి, అదీ చాలక బోర్లా తిప్పాను. చూసేది ఆ దీపంతోనే కదా, కన్ను అక్కడే ఉంది కదా అని ఆ గుంట అంచుల నిండా కూడా గంధం పెట్టి, మీద కుంకుమ అద్దాను. అమ్మవారి చూపంతా నా మౌసు మీదే ఉండాలి, ఆమె దాని మీద పడకూడదు, అదీ నా కోరిక. అది ఎండి, పొలుసులై దీపం మీద రాలేసరికి వారం పట్టిందన్నమాట. మామూలుగా పూజ చేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు.

ఆమెకు ఇదంతా తెలుసు. దసరా నాడు నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడి చూసింది. ఇప్పుడు దూది మార్చి, రెండోసారి తుడుస్తోంది.

అదే సమయానికి మామయ్య ఆ మోకాళ్లతోనే మళ్లీ పైకి వచ్చారు. తీగ ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చినట్టున్నారు. బల్ల మీద దూది చూశారు, మౌసు చూశారు. “ఏందిది, కుంకుమనా? కంట్లె కుంకుమ గొట్టింది ఎవరు?”

కుర్చీ పోయిందనుకున్నాను.

“నేనే మామయ్యా. దసరాకు తెల్వక పెట్టిన” అంది ఆమె, తల ఎత్తకుండానే.

ఆయన మొదలుపెట్టారు. “బుద్ధున్నదా పిల్లా నీకు? గంత చదువు చదివినవ్, మిషన్ కంట్లె ఎవడన్న కుంకుమ పెడతడా? దీని ఎన్కల మేం డాక్టర్లను ఎతుకుతున్నం. నీ నెత్తిల ఏమున్నది, గడ్డా?” చేతిలో చుట్టి పట్టుకున్న కాగితంతో ఆమె నెత్తి మీద ఒకటి తగిలించారు. ఆమె “తప్పయింది, తప్పయింది” అంటూ నెత్తి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన మీసాల కింద నవ్వు ఆపుకుంటున్నారు. “నవ్వుతవా మళ్ల” అని ఇంకోటి తగిలించారు.

నేను చూస్తూ కూర్చున్నాను. నా కుర్చీ నాకు మిగిలింది, నా పరువు మిగిలింది, ఆమె నా తప్పు తన నెత్తిన వేసుకుంది. నేను సంతోషించాలి. కానీ నాకు మళ్లీ కుళ్లే పుట్టింది. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒక్కసారి కూడా ఇట్లా తిట్టలేదు. నేను తప్పులున్న కార్డు అచ్చుకు పంపబోయినా, పాలు పొంగబెట్టినా, “పర్వాలేదమ్మా” అన్నారు. అది మర్యాద అనుకుని ఇన్నాళ్లూ మురిసిపోయాను. ఆడపిల్లలు లేని ఆ మనిషి సొంత బిడ్డను తిడితే ఎట్లా ఉంటుందో ఇప్పుడు కళ్ల ముందు చూస్తున్నాను. ఆ తిట్టు నాది. కుంకుమ పెట్టింది నేను.

“మామయ్యా, అది పెట్టింది నేను” అన్నాను. నిజాయితీతో కాదు, కుళ్లుతో అన్నాను. కుర్చీ పోతే పోనీ అనిపించింది ఆ నిమిషంలో. “ఆమె కాదు. నేనే పెట్టిన. ఆమెకు పళ్లెం గూడ ఇయ్యలె.”

ఆయన నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగారు. నేను నెత్తి కాస్త ముందుకు వంచానేమో కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన చుట్టిన కాగితాన్ని చంకలో పెట్టుకున్నారు. “నువ్వా అమ్మా” అన్నారు మెత్తగా. “పోనియ్యి, ఏం గాదు. జహనుమావాళ్లు వచ్చే యాళ్లయింది, కార్డు నువ్వే పూర్తి చెయ్యి.” గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయారు.