అద్దమక్క కలిపిన బకెట్టు

పడవల షెడ్డులో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. అందరికీ ఆమె అద్దమక్క. అచ్చు మీద గాజు బట్ట పరిచి, దానికి రెసిన్ అనే జిగురు పట్టించి, గాలి బుడగలన్నీ రోలరుతో నొక్కేసి, గట్టిపడ్డాక ఊడదీస్తే పడవ ఒళ్లు నిగనిగలాడుతూ వచ్చేది. అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చని నవ్వేవాళ్లు. పద్నాలుగేళ్లుగా ఆ షెడ్డులోంచి నీళ్లలోకి దిగిన ప్రతి పడవ మీదా ఆమె చెయ్యి పడింది.

చెయ్యంటే ఉత్త చెయ్యే. గ్లౌజులు వేసుకోమంటే, "అవి తొడుక్కున్నాక వేలికి ఏం తెలుస్తుంది? కళ్లకి గంతలు కట్టి నడవమన్నట్టుంటుంది," అనేది. పని అయ్యాక గుడ్డ ఎసిటోన్‌లో ముంచి మోచేతుల దాకా తుడుచుకునేది. చల్లగా, హాయిగా ఉండేది. చర్మంలో ఉన్న కాస్త జిడ్డునీ ఆ ద్రవం ఊడ్చేస్తుందనీ, రెసిన్ లోపలికి పోవడానికి దారి ఇస్తుందనీ ఆమెకి చాలాకాలం ఎవరూ చెప్పలేదు. మొదట చెప్పిన మనిషి ఆమె తోడికోడలు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ తోడికోడల్ని షెడ్డులో పెట్టించింది అద్దమక్కే. చిన్నకోడలు అంతకు ముందు ఒక మందుల షాపులో పనిచేసేది. షాపు మూతపడి ఇంట్లో కూర్చుంటే, "గోళ్లు గిల్లుకుంటూ ఎంతకాలం కూర్చుంటావు, నాతో రా," అని తనే వెంటబెట్టుకెళ్లింది. గాజు బట్ట మడతలు అందిస్తుంది, బ్రష్షులు కడుగుతుంది, తన వెనకాల తిరుగుతుంది అనుకుంది.

చిన్నకోడలు వచ్చిన మొదటి వారమే రెసిన్ డబ్బా మీద అంటించి ఉన్న కాగితం చదివింది. ఏళ్ల తరబడి ఎవరూ కన్నెత్తి చూడని కాగితం. నిలబడి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, ఫోర్‌మన్ దగ్గరికి పోయి, "తూకం మిషను ఉందా అండీ?" అని అడిగింది. అప్పటిదాకా రెసిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఎంత పొయ్యాలో అద్దమక్క కంటికే తెలుసు. చిన్నకోడలు గ్రాములతో సహా తూచి కలిపింది. పని మధ్యలో రెండుసార్లు గ్లౌజులు మార్చింది. "ఏమ్మా, ఆపరేషనుకి వెళ్తున్నావా?" అని రంగులు వేసే బాబాయి వేళాకోళం చేస్తే, నవ్వేసి ఆయనకీ ఒక జత ఇచ్చింది. ఆయన వేసుకున్నాడు! పదేళ్లుగా అద్దమక్క చెప్పిన ఏ మాటా వినని మనిషి.

ఆరు నెలలు తిరక్కుండా షెడ్డు మూల ఒక చిన్న గది కట్టారు. వాసన బయటికి లాగే ఫ్యాను పెట్టారు. రెసిన్ కలపడమంతా ఇక ఆ గదిలోనే. తాళం చిన్నకోడలి చేతికి వచ్చింది. ఆమె గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు రాసింది: "ఒక్కసారికి కిలోకి మించి కలపొద్దు. రెసిన్, హార్డెనర్ కలిస్తే వేడి పుడుతుంది. బట్ట మీద పల్చగా పరిస్తే ఆ వేడి గాలికి పోతుంది. బకెట్టులో కుప్పగా ఉంటే తన వేడికి తనే ఉడికి పొగలు కక్కుతుంది."

నేను చెయ్యి పట్టుకుని తెచ్చిన మనిషి దగ్గరికి నేను గిన్నె పట్టుకెళ్లి నిలబడాలా అని అద్దమక్కకి ఒళ్లు మండిపోయింది.

ఇంట్లోనూ అదే వరస. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు. ఒకరోజు భోజనాల దగ్గర అత్తగారు, "చిన్నదాని చేతులు చూడవే, పువ్వుల్లా ఉన్నాయి. ఇద్దరూ చేసేది ఒకటే పని. నువ్వేమో సన్నికల్లులా చేసుకున్నావు," అంది. అద్దమక్క చెయ్యి కంచం కిందికి పెట్టుకుంది. భర్త కూడా ఏదైనా కాగితం వస్తే, "మరదల్ని అడుగు, తనకి తెలుస్తుంది," అనేవాడు.

అప్పటికే వేళ్ల సందుల్లో నీటి పొక్కులు లేచాయి. మణికట్టు దాకా పాకాయి. గోకితే మంట, గోకకపోతే ప్రాణం పోయేంత దురద. ఒకరోజు నిద్ర లేచేసరికి కనురెప్పలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. అడిగినవాళ్లకి దోమ కుట్టిందని చెప్పింది. ఇంకొకళ్లకి కొత్త సబ్బు పడలేదంది. నిజం చెబితే అచ్చు దగ్గర్నుంచి తప్పిస్తారని ఆమెకి తెలుసు. తప్పిస్తే ఆ చోటు ఎవరికి పోతుందో కూడా తెలుసు.

కుళాయి దగ్గర చిన్నకోడలు పట్టేసింది.

"అక్కా, ఆ చెయ్యి ఇటు చూపించు."

"ఎందుకు? జాతకం చెప్తావా?"

"ఇది రెసిన్ పడక వచ్చింది. ఒకసారి ఒంటికి ఎదురుతిరిగిందంటే ఇక ఎప్పటికీ పడదు. చుక్క తగిలినా, పూర్తిగా గట్టిపడని పడవని సానబట్టిన పొడి తగిలినా మళ్లీ లేస్తుంది. ఇప్పుడే ఆపేసి డాక్టరుకి చూపించుకో."

"ఆపేస్తే అచ్చు దగ్గర ఎవరు నిలబడతారు? నువ్వా?"

చిన్నకోడలు తెల్లబోయింది. "నేనెందుకు నిలబడతానక్కా?"

"గది వచ్చింది, తాళం వచ్చింది, ఇంక అచ్చు ఒక్కటే మిగిలింది. రోజూ చూసి చూసి నా చేతులకి దిష్టి పెట్టింది నువ్వే." అద్దమక్క మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

ఎండలు ముదిరాక రేవు దాటించే పెద్ద పడవ పని వచ్చింది. కిలో చొప్పున కలిపించుకుంటూ, మాటిమాటికీ గది గుమ్మంలో నిలబడుతూ చేస్తే పని నత్తనడక నడుస్తోందని అద్దమక్క గొణిగింది. ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి షెడ్డు వెనక్కి పోయారు. చిన్నకోడలు తాళం మేకుకి తగిలించి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఒక వైపంతా పూర్తయి ఉంటే అందరూ నోరు వెళ్లబెడతారనుకుంది అద్దమక్క. గది తెరిచి, ఒక పెద్ద బకెట్టులో ఏకంగా ఐదు కిలోలు కలిపింది. ఎవరూ వంక పెట్టకుండా తూకం కూడా వేసింది. బకెట్టుని చక్రాల బండి మీద పెట్టి అచ్చు దగ్గరికి తోసుకొచ్చింది.

పది నిమిషాలు చెయ్యి మెరుపులా ఆడింది. తర్వాత బ్రష్షు బరువెక్కింది. బకెట్టు అంచు ముట్టుకుంటే చురుక్కుమంది. ఏం కాదులే, కలియబెడితే చల్లారుతుందని దాని మీదికి వంగింది. ఘాటైన పొగ గుప్పున మొహానికి కొట్టింది. ఉబ్బి ఉన్న కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి. దగ్గు ఆగలేదు.

"అక్కా, దాని మీదికి వంగకు! బయటికి నడువు!" చిన్నకోడలు పరుగెత్తుకొచ్చింది. మాస్కు బిగించుకుని, షట్టరు లాగే పొడుగు కొక్కెం బండికి తగిలించి, దూరం నుంచే వెనక్కి అడుగులు వేస్తూ లాగింది. రెసిన్ డబ్బాలున్న వైపు కాకుండా, కంకర పరిచిన ఖాళీ జాగాలోకి లాగి వదిలేసింది. చూస్తుండగానే బకెట్టు అడుగు మైనంలా కరిగింది. లోపలిది గోధుమరంగులో బుసబుసా పొంగి తేనెపట్టులా బిగుసుకుపోయింది.

జనం చేరేసరికి అద్దమక్క కుళాయి కింద కళ్లు కడుక్కుంటోంది. చిన్నకోడలు బకెట్టు పక్కన నిలబడి ఉంది. ఫోర్‌మన్‌కి అంతవరకే కనపడింది.

"గది తాళం ఎవరిది?"

"నాదే అండీ. కానీ ఇది నేను కలపలేదు."

చిన్నకోడలు కుళాయి వైపు చూసింది. అద్దమక్క కళ్లు కడుక్కోవడం అయిపోయినా మళ్లీ కడుక్కుంది.

"నీ గది, నీ తాళం, గోడ మీద రాసింది నువ్వు. ఇంకెవరిని అడగమంటావు?" ఫోర్‌మన్ తాళం తీసేసుకున్నాడు. ఆ పూట అద్దమక్కకి చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా అనిపించింది.

ఆ రుచి మర్నాటిదాకా కూడా నిలవలేదు. షెడ్డులో అందరి నోటా చిన్నకోడలి మాటే. "తప్పెవరైనా చేస్తారు. అలా పొగలు కక్కుతున్నదాన్ని లాగిన గుండె మనలో ఎవరికుంది?" అన్నాడు రంగుల బాబాయి. "డబ్బాలున్న వైపు పోకుండా చూసింది చూడు, అదీ తెలివంటే," అన్నాడు ఇంకొకాయన. తాళం లాక్కున్న ఫోర్‌మనే, "ఆ అమ్మాయి లేకపోతే షెడ్డు మిగిలేది కాదు," అన్నాడట. రెండు రోజులు గడిచాయి, మూడు రోజులు గడిచాయి. శిక్ష పడి చిన్నకోడలు ఇంకా పెద్దదైంది. కలిపింది తను, మాడ్చింది తను, పేరు మాత్రం ఆమెకి! ఈ ఘనకార్యంలో కూడా తనకి భాగం లేదా?

నాలుగో రోజు టీ తాగుతుండగా గ్లాసు కింద పెట్టి, "ఆ బకెట్టు కలిపింది నేను," అంది అద్దమక్క. తర్వాతెప్పుడో ఆ సంగతి వచ్చినప్పుడు తనే ఒప్పుకుంది, అది నిజాయితీ కాదని. "దాన్ని పొగుడుతుంటే వినలేక చెప్పేశాను," అంది.

ఫోర్‌మన్ ఆమె చేతులు పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశాడు. మర్నాడే డాక్టరు దగ్గరికి పంపించాడు. ఏది పడదో తేల్చడానికి డాక్టరు ఆమె వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, కొన్ని రోజులాగి చూశాడు. రెసిన్ ఉన్న పట్టీ కింద చర్మం నిప్పులా ఎర్రబడింది. "తడి రెసిన్‌ జోలికి ఇక పోకూడదమ్మా. సానబట్టే చోటుకి కూడా పోవద్దు. గ్లౌజులు ముందునుంచీ వేసుకుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో," అన్నాడు.

దండెం మీద బట్టలు తీస్తున్న చిన్నకోడలి దగ్గరికి వెళ్లి అద్దమక్క ఆ మాట చెప్పింది. జాలి పడుతుందనుకుంది. చిన్నకోడలు చీర మడత పెట్టడం ఆపి, "నువ్వు చెప్తావని నాలుగు రోజులు చూశానక్కా," అంది. "అత్తయ్య ముందు నీ పరువు పోతుందని నోరు మూసుకున్నాను. నువ్వు మాత్రం కంచం ఖాళీ చేసి హాయిగా లేచావు."

"నిన్ను చూస్తే కడుపు మండిపోయేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ మండుతోంది."

చిన్నకోడలు బట్టలు చంకన పెట్టుకుని లోపలికి పోయింది. నెలకు పైగా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఉప్పు కావాలన్నా పిల్లల చేత అడిగించుకున్నారు.

అద్దమక్కని షెడ్డు రెండో కొసన గాజు బట్ట కత్తిరించే గదికి మార్చారు. అక్కడికి రెసిన్ రాదు. కిటికీలోంచి అచ్చు కనిపిస్తుంది. కొత్తగా ఎవరు పనిలో చేరినా ముందు ఆమె దగ్గరికే పంపేవాళ్లు. ఆమె మచ్చలు పడ్డ రెండు చేతులూ బల్ల మీద పెట్టి, "బాగా చూసుకోండి. వీటికంటే తెలివైన చేతులు మీకేం లేవు," అనేది. నవ్వు కలపకుండా చెప్పేది.

అచ్చు దగ్గరికి చివరికి చిన్నకోడలే వచ్చింది. మొదటి పడవ మీద బుడగలు తేలాయని విని అద్దమక్కకి లోలోపల చల్లగా అనిపించింది. రెండోది మేలనిపించుకుంటే ఆ సాయంత్రం తలనొప్పని పడుకుంది.

మూడో పడవకి, రెసిన్ పట్టించే ముందు బట్ట పొడిగా పరిచి చూసుకుంటోంది చిన్నకోడలు. ముందు కొన దగ్గర ముడత పడుతోంది. తీసి పరిచింది, మళ్లీ ముడత. అద్దమక్క కత్తెర పట్టుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడింది. చివరికి చిన్నకోడలే కిటికీ దగ్గరికి వచ్చింది.

"అక్కా, కొన దగ్గర బట్ట కూర్చోవడం లేదు. నువ్వెలా చేసేదానివి?"

"తెలీదు," అంది అద్దమక్క.

చిన్నకోడలు వెనక్కి పోయి మళ్లీ తంటాలు పడింది. అరగంట చూసింది అద్దమక్క. తర్వాత బట్టని బల్ల మీద పరిచి, నిలువుగా కాకుండా ఏటవాలుగా ఒక ముక్క కత్తిరించి, కిటికీలోంచి చాపింది.

"ఇలా కోస్తే సాగుతుంది. మధ్యలోంచి అంచులకి నిమురుకుంటూ పో. లాగకు."