ఉప్పుగాలికి కట్టిన దడి

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను బడికి బయలుదేరి చెప్పులు వేసుకుంటున్నాను. ఫోన్ చేసింది ఆమె ఇంటి పక్కనుండే ఆవిడ, చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. "అక్క పోయిందమ్మా. పొద్దున్నే పూలు కోస్తా కోస్తా అరుగు మీద కూర్చుంది, అలాగే ఒరిగిపోయింది. మీ వాళ్లకి చెప్పండి" అని ఫోన్ పెట్టేసింది. అచ్చంపేటలో మా వీధిలో ఈ సంగతి తెలిసిన ప్రతివాళ్లూ మొదట అన్న మాట "పాపం". పాపం, పిల్లల్లేరు. పాపం, మొగుడు ముందే పోయాడు. పాపం, అయినవాళ్లెవరూ లేని చోట, ఎక్కడో సముద్రం ఒడ్డున దిక్కులేకుండా పోయింది.

మా అత్తను పాపం అనడానికి వీల్లేదు. బతికుండగా ఆ మాట ఆమె ముందు అన్నవాళ్లు బాగా చీవాట్లు తిని వెళ్లారు. ఇప్పుడు ఆమె లేదు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను.

ఆమె మా బాపుకు చెల్లెలు. మాది గొర్ల మంద ఉన్న ఇల్లు. వానాకాలం మంద ఎక్కడ ఆగితే అక్కడ కంపతో దడి కట్టడం, ఈదురుగాలికి గొర్రెపిల్లలు బిగుసుకుపోకుండా కాయడం ఆమెకు చిన్నప్పుడే వచ్చిన పనులు. మామ లారీ డ్రైవరు. బాపట్ల వైపు లోడు తోలి తోలి, చివరికి అక్కడే ఒక దోస్తుతో కలిసి మరమ్మతు షెడ్డు పెట్టుకున్నాడు. మన రాష్ట్రం వచ్చే ముందర, ఊరికి దూరంగా, సముద్రం కనబడేంత దగ్గరలో ఒక ఇసుక జాగా కొని ఇల్లు కట్టాడు. చవకగా ఎందుకు దొరికిందో ఇంట్లో దిగాక తెలిసింది. అక్కడ ఏ మొక్కా బతకదని ఊరంతా ఒకటే మాట. సామాన్లు దించుతూ అది విన్న అత్త, "బతకదని ఈ జాగా చెప్పిందా, మీరు చెప్తున్నరా?" అని అడిగిందట.

ఆమెకు కావలసింది పూలతోట. కూరగాయల మడి పెట్టుకోమని ఎవరో సలహా ఇస్తే మూతి తిప్పుకుంది. సముద్రం అటువైపు తన అందమంతా పరుచుకుని కూర్చుంటే, ఇటువైపు మన వాకిలి బోసిగా ఉంటే ఏం మర్యాద అని ఆమె వాదన.

మామ ఆమె ముచ్చట తీర్చడానికి సముద్రం వైపు మనిషెత్తు గోడ కట్టించాడు. ఆ గోడ చాటున పెట్టిన మందారాలు, గులాబీలు చూస్తుండగానే అంచుల నుంచి మాడిపోయాయి. నిప్పు తగిలిందా అనిపించేలా ఉండేవి ఆకులు. అత్త ఒక మధ్యాహ్నమంతా గోడ కింద కూర్చుని తన కొంగు ఎటు ఎగురుతోందో చూసింది. గోడకు తగిలిన గాలి ఆగడం లేదు. పైకి లేచి, గోడ దాటి, సుడి తిరిగి సరిగ్గా మొక్కల నెత్తిన పడుతోంది. సాయంత్రం మామ షెడ్డు నుంచి రాగానే గోడ కూలగొట్టమంది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? సున్నం గూడ ఆరలే ఇంక!" అన్నాడు మామ.

"మందకు గోడ కడ్తమా? కంప కడ్తం. గోడ కడితె గాలి దుంకొచ్చి పిల్లల మీద పడ్తది. గాలిని రానియ్యాలె. వచ్చేటప్పుడు దాని నోట్లె పండ్లు రాలిపోవాలె, గంతే."

కొన్నాళ్లు ఇద్దరికీ మాటల్లేవు. చివరికి మామే సమ్మెట తెచ్చి గోడను మోకాలెత్తుకు దించాడు. దాని వెనక తాటాకు, సరుగుడు కొమ్మలు, ముళ్లకంప కలిపి ఆమె దడి కట్టింది. సందులు వదిలి కట్టింది. చూసినవాళ్లు చేతగాక అలా కట్టిందనుకున్నారు. మామ కూడా అలాగే అనుకున్నాడు కానీ, సమ్మెట ఎత్తి అలిసిపోయాడేమో, పైకి అనలేదు.

ఆ తోట ఎలా ఉండేదో చెప్పాలి. బడి సెలవుల్లో వెళ్లినప్పుడల్లా నన్ను వెంటబెట్టుకుని తిప్పేది. దడికి బయట, సముద్రం వైపు, ఇసుక మీద పాకే ఊదాపూల తీగను వదిలింది. ఒడ్డున ఊరికే పెరిగే తీగే అది. ఇసుక ఎగరకుండా పట్టుకుంటుందని పీకనిచ్చేది కాదు. దడికి లోపల ముందు కలబంద, ఆ వెనక గన్నేరు, ఇంకా వెనక సరుగుడు చెట్లు. పొట్టివి ముందు, పొడుగువి వెనక ఉంటే గాలి మెట్లెక్కి పైనుంచి వెళ్లిపోతుందట. సరుగుడు చాటున కాగితంపూలు, నందివర్ధనం, అందరికంటే లోపల, అరుగు పక్కన మల్లె. గేటు నుంచి ఇంటికి బాట కూడా వంకర తిప్పింది. తిన్నగా వేస్తే అందంగా ఉండేది కదా అన్నాను ఒకసారి.

"తొవ్వ సక్కగుంటె గాలి ఉరుకుతది బిడ్డా. వంకరుంటె దానికి కాళ్లు నొస్తయి. మనకు రెండు చెట్లు ఎక్కువ కనవడ్తయి" అంది.

గాలి బాగా వీచిన మర్నాడు తెల్లారగానే ఆకుల మీది ఉప్పు కడిగేది. చెంబుతో నీళ్లు పోస్తూ ప్రతి చెట్టుతోనూ ఏదో ఒక గొణుగుడు. పిల్లల్లేరు కాబట్టి చెట్లను సాకుతోందని ఒక చుట్టం నా ముందే అన్నాడు. అత్త చెంబు కింద పెట్టింది. "చెట్టు చెట్టే, పిల్లలు పిల్లలే. పిల్లలుంటె గూడ పెడుదును ఈ తోట. ఆళ్లతోని నీళ్లు మోపిద్దును" అంది. ఆ చుట్టం మళ్లీ ఆ ఇంటి వైపు వెళ్లినట్టు నాకు తెలియదు.

అన్నీ ఆమె అనుకున్నట్టే జరిగాయని చెప్పను. మన ఎర్రమట్టి మీద ఆమెకు విపరీతమైన నమ్మకం. మామ చేత లారీలో బస్తాలకు బస్తాలు తెప్పించి, ఇసుక మీద పరిచి, అచ్చంపేట నుంచి వేళ్లతో సహా తెచ్చిన తంగేడు మొక్కలు నాటింది. ఒక వాన పడి ఎండకాసేసరికి ఆ మట్టి ఇటుకలా బిగిసి వేళ్లకు ఊపిరాడకుండా చేసింది. మొక్కలన్నీ చచ్చాయి. పక్కింటావిడ అయ్యో అంటే, "నా మట్టే నన్ను మోసం జేసింది, నువ్వెందుకు ఏడుస్తవ్?" అని విసుక్కుందట. ఆ తర్వాత ఆ మట్టినంతా తవ్వి ఎత్తి, తంగేడు గింజలను ఉత్త ఇసుకలోనే, గొర్రె ఎరువు కలిపి చల్లింది. అవి మొలిచాయి. ఆకు చిన్నది, కాండం మొండిది, పువ్వు మాత్రం మన పువ్వే. వాటి పక్కనే గునుగు వేసింది. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు.

తంగేడు మొదటిసారి విరగబూసిన ఏడు, తన తోట పూలతోనే బతుకమ్మ పేర్చింది. ఆ ఊళ్లో అదేమిటో ఎవరికీ తెలియదు. పక్కింటావిడ, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు చూద్దామని వచ్చి, నవ్వుకుంటూ, చివరికి చప్పట్లు కలిపారు. చెరువులో వదిలితే బతుకమ్మ సాగిపోతుంది. సముద్రం అలా కాదు కదా. ఈమె వదలడం, అల తెచ్చి ఈమె కాళ్ల దగ్గరే పెట్టడం. మళ్లీ వదిలింది, మళ్లీ తెచ్చింది. ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతుంటే, అత్త చీర ఎగదోపి నడుములోతు వరకు వెళ్లి, "తీస్కో అంటె తీస్కోవేందే!" అని అలను తిట్టి తోసివచ్చింది. వెనక్కి వచ్చేటప్పటికి ఒళ్లంతా తడిసి, ముఖం వెలిగిపోతోంది.

రాష్ట్రం విడిపోయాక ఆ ఊళ్లో కొందరు ఆమెను చూడగానే అదోలా నవ్వేవారు. ఆమె మాట తీరును వెక్కిరించడం ముందునుంచీ ఉన్నదే. కిరాణా కొట్టతను ఒకరోజు నేను పక్కనుండగానే అడిగాడు: "మీ రాష్ట్రం మీకొచ్చేసిందిగా అమ్మగారూ, ఇంకా ఇక్కడేం చేస్తారు?"

"రాష్ట్రమొచ్చింది గని, నా చెట్లకు కాళ్లు రాలే. వచ్చినంక పోత. జర చక్కెర తూకం సక్కగ వెయ్యి" అంది అత్త.

అన్నేళ్లు అక్కడున్నా ఆమె తన మాటలో ఒక్క అక్షరం మార్చుకోలేదు. విచిత్రమేమిటంటే, పక్కింటావిడ నోట్లోకి మాత్రం "జర", "ఫికర్" వచ్చి చేరాయి.

మామ పోయాక మా బాపు ఫోన్ చేసి, మూట కట్టుకుని వచ్చెయ్యమన్నాడు. అన్నగా అడగలేదు, ఆజ్ఞ వేశాడు. "నేనేమన్న గొర్రెనా అన్నా, నువ్వు కేకేస్తె వచ్చి మందల గలువనీకి?" అందామె. బాపుకు కోపం వచ్చింది. ఆమె వచ్చేదాకా ఆ ఇంటి గడప తొక్కనన్నాడు. తొక్కలేదు కూడా. అయితే ఇక్కడినుంచి ఏ లారీ అటు పోతున్నా అందులో గొర్రె ఎరువు బస్తాలు మాత్రం వేయించేవాడు. అవి ఎవరు పంపారని ఆమె అడగలేదు, తానే పంపానని ఈయన చెప్పలేదు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే.

ఒక తుఫానుకు అధికారులు వచ్చి అందరినీ బడి భవనంలోకి తరలించారు. అత్త మారు మాట్లాడకుండా వెళ్లింది. ఆమె మొండిదే కానీ తెలివి తక్కువది కాదు. తిరిగి వచ్చేసరికి దడి కొట్టుకుపోయింది, సరుగుడు సగం పడిపోయింది, తంగేడు ఇసుక కింద ఉంది. ఆ కబురు ఇక్కడ మాకు చేరింది. ఇప్పుడైనా వస్తుందని బాపు ఆమె పాత గది కడిగించాడు. సాయంత్రం ఆమే నాకు ఫోన్ చేసింది.

"కలబంద నిలవడ్డది, గన్నేరు నిలవడ్డది. మిగిలినయి మళ్ల పెడ్త. ఎరువు జర జల్ది పంపుమను."

"ఎవరిని పంపుమనాలె అత్తా?"

"పంపెటోన్ని!" అని ఫోన్ పెట్టేసింది.

మళ్లీ పెట్టింది. ఈసారి పక్కింటావిడా, ఆ నలుగురైదుగురు ఆడవాళ్లూ వచ్చి కంప మోశారు. ఆమె పోయేనాటికి సరుగుడు మళ్లీ ఇంటి కప్పు దాటింది. నాకు ఆమె వల్ల తోటపని ఏమీ అబ్బలేదు. నేను నాటింది ఇప్పటికీ బతకదు. కానీ నన్నెవరైనా ఇది నీవల్ల కాదు అంటే, ఆ మాట వాళ్లదా, ఆ పనిదా అని అడగడం మాత్రం వచ్చింది. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను. ఆమె లేదంటే ఏడుపొస్తూనే ఉంది, వస్తే రానీ.

ఆ రోజు బాపు, నేను జీపులో బయలుదేరాం. ఆమెను అచ్చంపేటకు తీసుకురావడానికి బాపు ఇంకో బండి మాట్లాడి మా వెనకే రమ్మన్నాడు. దారి పొడుగునా ఆయన మాట్లాడింది ఒకటే. "నా చెల్లెను ఆ ఇసుకల పెట్టేది లేదు. మన ఎర్రమట్టి చెల్కల పెడ్త. బతికున్నప్పుడు ఇనలే, ఇప్పుడన్న నా మాట ఇంటది." ఆమె మాత్రం పోయినా అక్కడే ఉంటానని నాతో ఎన్నోసార్లు చెప్పింది. ఆ సంగతి అన్నాను. బాపు కిటికీ వైపు తిరిగాడు.

మధ్యాహ్నం దాటి చేరాం. సముద్రపు గాలి మంచి ఊపు మీద ఉంది. జీపు దిగగానే బాపు భుజం మీది తువ్వాల ఎగిరి రోడ్డవతల పడింది. ఇసుక ముఖాన కొట్టింది. దడి ముందు ఆయన ఆగి, కంప సందులో చెయ్యి పెట్టి చూశాడు. ఆ కట్టు ఎవరి దగ్గర నేర్చిందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వంకర బాట వెంట లోపలికి నడిచాం. అత్తను సరుగుడు చెట్ల ఇవతల, వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. తోటలో పూసినవన్నీ కోసి ఆమె మీద వేశారు. తల దగ్గర దీపం పెట్టారు.

పక్కింటావిడ లేచి బాపుకు ఎదురుగా వచ్చింది. "అక్కని తీసుకెళ్తారా అండీ? ఇక్కడే ఉంటానంది. మీతో అనలేదా?"

"నాతోని గూడ అన్నది. అది అన్నయన్ని నేను ఇంటనా?" అన్నాడు బాపు. గేటు బయట బండివాడు హారన్ కొట్టాడు.

బాపు చెల్లెలి తల దగ్గర కూలబడ్డాడు. దీపం కొండెక్కకుండా, అలవాటు కొద్దీ, రెండు చేతులూ దాని చుట్టూ అడ్డం పెట్టాడు. పైన సరుగుడు కొమ్మలు హోరెత్తుతున్నాయి. రోడ్డవతల కొబ్బరిచెట్టు ఊగిపోతోంది. ఆయన దీపాన్ని చూసి, దడి వైపు చూసి, ఒక చెయ్యి తీశాడు. తర్వాత రెండోది తీశాడు.

"బండి వాపస్ పంపు బిడ్డా" అన్నాడు నాతో.

నేను గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూశాను. అంత గాలిలో, ఎవరి చెయ్యీ అడ్డం లేకుండా, ఆమె తల దగ్గర వత్తి నిటారుగా వెలుగుతోంది.